గ్యారేజీని చెక్కపని వర్క్‌షాప్‌గా మారుస్తున్నాను, చెమ్మకు ఏం చేయాలి?

నమస్కారమండీ. సైనిక్‌పురిలో మాది పాత ఇండిపెండెంట్ ఇల్లు. కారు అమ్మేశాం, ఆ గ్యారేజీలో చెక్కపని చేసుకోవాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

వానలు మొదలైతే చాలు, వెనక గోడకు కింద నుంచి మోకాలి ఎత్తు దాటి చెమ్మ ఎక్కుతోంది. పెయింట్ పొంగి పెచ్చులు రాలుతోంది, తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. ఉలులు, చిత్రికలు తుప్పు పడుతున్నాయి. నాన్నగారి పనిముట్లు కావడంతో ఇంకా బాధగా ఉంది.

నేల మీద పాలిథిన్ షీటు పరిచి, చుట్టూ టేప్ అంటించి ఒక రోజు వదిలేస్తే, షీటు అడుగున నీటి చుక్కలు చేరాయి. అంటే తేమ భూమిలోంచే వస్తోందని అర్థం. పైగా గోడ అవతల పూలమడి మట్టి లోపలి నేలకన్నా ఎత్తుగా ఉంది.

మేస్త్రీ లోపలివైపు ప్లాస్టర్ కొట్టేసి వాటర్‌ప్రూఫ్ సిమెంట్ పూత వేద్దామంటున్నారు. అలా చేస్తే నీళ్లు ఇటుకల్లోనే ఉండిపోయి ఇంకా పైకి ఎక్కవా అని నా టెన్షన్. ముందు బయటి మట్టి తీసి, కంకర కాలువ వేసి, గోడ ఆరాక ప్లాస్టర్ చేయించడమే నయమనిపిస్తోంది. గోడ అడుగున రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కించే పద్ధతి మన ఇటుక గోడలకు పనిచేస్తుందా? నేలకు ఎపాక్సీ పూత చాలా, లేక తవ్వి షీటు వేసి మళ్లీ కాంక్రీటు పోయాల్సిందేనా? మీలో ఎవరైనా ఇలాంటి పని చేయించి ఉంటే, రెండు మూడు వానాకాలాల తర్వాత గోడ ఎలా ఉందో దయచేసి చెప్పండి.