ఇన్‌స్టలేషన్ కోసం చేసిన సౌండ్ పీస్‌ని పాడ్‌కాస్ట్‌లో పెడితే చప్పగా అయిపోయింది, ఎక్కడ తప్పు చేశా?

మెట్లకింద_మైకు:
అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. పోయినేడాది ఒక నాలుగంతస్తుల బిల్డింగ్ మెట్ల దగ్గర సౌండ్ ఇన్‌స్టలేషన్ పెట్టా, ఎనిమిది స్పీకర్లు, 40 నిమిషాల లూప్. కింద నీటి చుక్కలు, ఎక్కేకొద్దీ గుసగుసలు, ఇంకా పైకెళ్తే ఆ గుసగుసలే మాటలవుతాయి, చివరి అంతస్తులో ఒక్క ఆవిడ గొంతే మిగుల్తుంది. జనానికి నచ్చింది, ఒకాయనైతే మూడుసార్లు ఎక్కి దిగాడు.

ఇప్పుడు అవే ఎనిమిది ట్రాకుల్ని స్టీరియోకి దించి, కాస్త రివర్బ్ (పెద్ద గదిలో వచ్చే ప్రతిధ్వని లాంటిది) తగిలించి, ఎపిసోడ్‌గా పెట్టేశా. విన్నవాళ్ళేమో "బానే ఉంది గానీ ఏం జరగట్లేదు" అంటున్నారు, ఒకరైతే మొదటి నిమిషం విని ఫైల్ పాడైందనుకున్నారట. మా చెల్లి ఆరో నిమిషంలో నిద్రపోయింది, అది మెచ్చుకోలో కాదో తెలీదు.

ముందు మెట్లెలా ఉంటాయో వివరంగా చెప్పాలా? బైనారల్‌లో, అంటే రెండు చెవుల చోట రెండు మైకులు పెట్టి, మళ్ళీ రికార్డు చేస్తే సరిపోతుందా? లేక ఇది అసలు పాడ్‌కాస్ట్ సరుకే కాదా?

రేడియోపురుగు:
మీ పోస్టులోనే జవాబుంది. ఆయన మూడుసార్లు ఎక్కి దిగాడన్నారు కదా, అంటే మిక్సింగ్ ఆయన కాళ్ళే చేసుకున్నాయి. ఎక్కడ ఆగాలి, గుసగుస దగ్గర ఎంతసేపుండాలి, వెనక్కి దిగాలా అన్నీ ఆయనిష్టం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నోడికి ఆ కాళ్ళు లేవు, మీరు ఎనిమిది స్పీకర్లనీ ఒకేసారి చెవిలో పోసి ఎక్కమంటే ఎటు ఎక్కుతాడు పాపం.

మాక్స్ న్యూహౌస్ అని ఒకాయన 1977లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఫుట్‌పాత్ గ్రిల్ కింద ఒక మోత పెట్టాడు, బోర్డు లేదు, పేరు లేదు, చాలామంది దానిమీదే నడిచి వెళ్ళిపోతారు, కొందరే ఏంటిది అని ఆగుతారు. 1992లో ఆగిపోయి 2002లో మళ్ళీ మొదలైంది. దాన్ని రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌లో పెడితే ఏముంటుంది, ఒక హమ్మింగ్. ట్రాఫిక్ మధ్యలో అనుకోకుండా తగలడమే దాని అందం. గ్లెన్ గూల్డ్ అనే పియానిస్టు 1967లో కెనడా రేడియోకి చేసిన ప్రోగ్రాం దీనికి పూర్తి ఉల్టా: కెనడా ఉత్తర ప్రాంతం గురించి మాట్లాడే మనుషుల గొంతుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చాడు, కింద రైలు చప్పుడు నడుస్తూ ఉంటుంది. అది మొదట్నించీ రేడియో ముందు కూర్చునేవాళ్ళ కోసమే, కాబట్టి ఎక్కడ విన్నా నిలబడుతుంది.

నా సలహా, మెట్లని వదిలెయ్యండి. మీ దగ్గరున్న అసలు సరుకు మెట్లు కాదు, గుసగుస మాటగా మారడం. అది జరిగే క్షణం ఎప్పుడు రావాలో ఇప్పుడు మీరే నిర్ణయించాలి. 40 నిమిషాలు అక్కర్లేదు, 12, 13 చాలు.

ఫేజ్_తప్పినోడు:
పైన అన్నది కరెక్టే గానీ టెక్నికల్‌గా కూడా కొన్ని గోతులున్నాయి, నేను పడినవే.

బైనారల్ హెడ్‌ఫోన్స్‌లో మాత్రమే బైనారల్. చాలామంది ఫోన్ టేబుల్ మీద పెట్టి వింటారు, లేదా ఒక్క ఇయర్‌బడ్డే పెట్టుకుంటారు. పక్కనుంచొచ్చే శబ్దం రెండు చెవులకీ సుమారు 0.6 మిల్లీసెకన్ల తేడాతో చేరుతుంది, ఆ రెండింటినీ మోనోలో, అంటే ఒకే చానెల్‌గా, కలిపేస్తే 830 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట (అక్కడి శబ్దం కొట్టుకుపోతుంది), ఆపైన ఇంకా గుంటలు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. శబ్దాన్ని ఎడమకీ కుడికీ సాగదీసే స్టీరియో వైడనర్ ప్లగిన్ ఏదైనా వాడుంటే ఇంకా ఘోరం, కొన్ని శబ్దాలు మోనోలో పూర్తిగా మాయమవుతాయి. గూల్డ్ చేసిన ఆ మొదటి ప్రోగ్రాం మోనోయే, అయినా ఎవరి గొంతు ఎవరిదో తెలుస్తుంది.

లెవెల్: ఆపిల్ పాడ్‌కాస్ట్స్ వాళ్ళు చెప్పేది -16 ఎల్‌కేఎఫ్‌ఎస్ (మొత్తం మీద ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే లెక్క), ఒక డీబీ అటూఇటూ, అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు, అంటే పీక్, -1 దాటొద్దు. మీ నీటిచుక్కలు బస్సులో వినబడవు, వాల్యూం పెంచుకుంటే తర్వాత వచ్చే మాట చెవి పగలగొడుతుంది. అలాగని అంతా కంప్రెస్ చేసి చపాతీలా ఒత్తకండి, మెల్లగా ఉన్నవాటిని మైకుకి దగ్గరగా మళ్ళీ రికార్డు చేస్తే నయం.

ఇక నా ఏడుపు వినండి. ఒక పీస్‌లో సరిగ్గా మధ్యలో 20 సెకన్ల నిశ్శబ్దం పెట్టా, నా దృష్టిలో పీస్ మొత్తానికి అదే ప్రాణం. ఒకాయన మెయిల్ పెట్టాడు, "కటింగ్ భలే ఫాస్ట్‌గా ఉంది" అని. ఆలోచించగా ఆలోచించగా అర్థమైంది, ఆయన యాప్‌లో సైలెన్స్ ట్రిమ్ ఆన్‌లో ఉంది, పైగా 1.5 స్పీడు. నేను నెలన్నర కూర్చుని చెక్కిన నిశ్శబ్దాన్ని యాప్ మింగేసింది. అప్పట్నించీ ఉత్త సున్నా పెట్టను, ఖాళీ గది చప్పుడో ఫ్యాన్ మోతో వినబడేలా ఉంచుతా, ఎపిసోడ్ మొదట్లో నేనే చెప్తా "మామూలు స్పీడులో వినండి, ట్రిమ్ ఆపెయ్యండి" అని.

చెవులపిల్లి:
ఆ ఒక్క ముక్క చెప్పడం ఓకే, కానీ దయచేసి "మీరిప్పుడు ఒక మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు, కళ్ళు మూసుకోండి" టైపు నెరేషన్ మాత్రం వద్దు. అవతలోడు కళ్ళు మూసుకోడు, అంట్లు తోముతుంటాడు. @రేడియోపురుగు గారూ, ఎక్కడ విన్నా నిలబడాలన్నారు గానీ నేను ఇంకో అడుగు ముందుకెళ్తా, వినేవాడున్న చోటునే వాడుకోవాలి. నేనోసారి తలుపు మీద రెండే రెండు తట్లు, బాగా తగ్గించి, ఎడం చెవిలో పెట్టా. విన్నవాళ్ళలో ముగ్గురు లేచెళ్ళి తలుపు తీశారు! మీ నీటిచుక్కలకీ ఆ బలం ఉంది, సింకు దగ్గరున్నోడికి అది తన కుళాయే అనిపించాలి, కాబట్టి ఆ రివర్బ్ పీకెయ్యండి, అది ఉన్నంతసేపూ వేరే బిల్డింగే గుర్తొస్తుంది.

కానీ హారన్లు, సైరన్లు, బ్రేకుల కీచు జోలికి పోకండి, డ్రైవింగ్‌లో వినేవాళ్ళుంటారు, అక్కడ కళకి సెలవు.

మెట్లకింద_మైకు:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి మోనోలో పెట్టి విన్నా, @ఫేజ్_తప్పినోడు గారు చెప్పినట్టే మూడో అంతస్తు గుసగుసలు సగం లేవు, వైడనర్ నేనే వేసి మర్చిపోయా. రివర్బ్ తీసేశా, ఆవిడ గొంతుని చివర్నించి తెచ్చి మొదటి 15 సెకన్లలో ఒక్క వాక్యం పెట్టా, తర్వాత అది మెల్లగా గుసగుసైపోతుంది, అంటే మొత్తం తిరగేశానన్నమాట. ఇప్పుడు 14 నిమిషాలు.

ఒక్కటే తేలట్లేదు. లూప్‌కి చివరంటూ లేదు కదా, ఎపిసోడ్‌కి ఉంది. నీటిచుక్కలతో ఆపితే వెంటనే ఆటోప్లేలో ఎవడిదో క్రికెట్ షో మొదలైపోతోంది.

ఫేజ్_తప్పినోడు:
హహ, దానికి మందు లేదు. చుక్కలయ్యాక ఒక అర నిమిషం ఆ మెట్ల దగ్గరి ఖాళీ చప్పుడే వదలండి, ట్రిమ్ మింగనంత లెవెల్లో. ఎవడైనా లేచి ఆపాలనుకుంటే ఆపేంత టైమన్నా ఉంటుంది.