బరంపురం నుంచి లండన్: విమానం గంటల లెక్క తేలట్లేదు

పట్టుబజారు:
ఢిల్లీ నుంచి లండన్ హీత్రోకి దూరం 6,720 కి.మీ. అని చూపిస్తోంది. విమానం వేగం గంటకి 900 కి.మీ. అంటారు, అంటే ఏడున్నర గంటలు. టికెట్టు మీద మాత్రం తొమ్మిదిన్నర! వచ్చేటప్పుడు ఎనిమిదిన్నరే. దూరం ఒకటే కదండీ? భువనేశ్వర్–ఢిల్లీ టికెట్టు విడిగా తీస్తే చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా? ఇల్లు కదిలిన దగ్గర్నుంచి మొత్తం ఎన్ని గంటలు వేసుకోవాలి?

రాయగడ_రన్‌వే:
6,720 అనేది భూగోళం మీద దారం లాగి పట్టుకుంటే వచ్చే దూరం. విమానం ఆ దారం మీద పోదు. 2022 నుంచి ఉక్రెయిన్ మీదుగా దారి లేదు. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ గగనతలం మన కంపెనీల విమానాలకు మూసేశారు, అవి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాలి. అందుకే కంపెనీని బట్టి గంటలు మారతాయి.

ఇక గాలి. తొమ్మిది, పది కి.మీ. ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే జోరు గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. 900 వేగానికి 80 కి.మీ. ఎదురుగాలి తగిలితే నేల మీద లెక్కకి మిగిలేది 820. అంటే 8 గంటల 12 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. పైగా టికెట్టు మీది టైము గేటు నుంచి గేటుకి: రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, హీత్రో మీద వరస కోసం చక్కర్లు కొట్టడం, అన్నీ అందులోనే.

గంజాం_గార్డు:
టికెట్టు మీద రెండు టైములూ ఆయా ఊళ్లవి. మధ్యాహ్నం 2కి బయలుదేరి సాయంత్రం 6:30కి దిగితే నాలుగున్నర గంటల ప్రయాణం కాదు. వేసవిలో లండన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, కాబట్టి తొమ్మిది. అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి మార్చి ఆఖరి ఆదివారం దాకా తేడా ఐదున్నర.

విడి టికెట్ల జోలికి పోకండి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి పట్టదు, డబ్బు పోయినట్టే. ఢిల్లీలో పెట్టె తీసుకుని, టెర్మినల్ మారాల్సి వస్తే మారి, మళ్లీ చెక్-ఇన్ చెయ్యాలి. ఆ కౌంటరు విమానం టైముకి కనీసం గంట ముందే మూసేస్తారు. తప్పదంటే మధ్యలో ఐదు గంటలు ఉంచండి. రెండు విమానాలకీ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) అయితే మూడు చాలు, కానీ భువనేశ్వర్‌లో పెట్టెకి కట్టే చీటీ చదవండి: ఎల్‌హెచ్‌ఆర్ (హీత్రో కోడ్) అని ఉండాలి. డీఈఎల్ (ఢిల్లీ) అని ఉంటే అక్కడే ఆపి అడగండి.

రాయగడ_రన్‌వే:
మొత్తం లెక్క: భువనేశ్వర్‌కి రైల్లో 166 కి.మీ., రెండున్నర గంటలు. స్టేషన్ నుంచి విమానాశ్రయం నాలుగు కి.మీ.లే, అయినా రైలు ఆలస్యానికి కలిపి విమానానికి నాలుగు గంటల ముందు భువనేశ్వర్‌లో దిగేలా చూసుకోండి. ఢిల్లీకి రెండున్నర, అక్కడ మూడు, ఆపైన తొమ్మిదిన్నర, హీత్రో ఇమిగ్రేషన్‌కి గంటన్నర. ఇరవై మూడు గంటలు. విశాఖ వైపు పోతే రైలే 277 కి.మీ. అవుతుంది, ఛార్జీ బాగా తగ్గితే తప్ప అటు చూడక్కర్లేదు.