చెర్యాల మాస్కుల శిబిరం: డల్లాస్ డబ్బుల సంగతి ఈ రాత్రికే తేలాలి

ట్రెజరర్: అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో పిల్లలకు చెర్యాల మాస్కులు నేర్పే మన క్లబ్బు శిబిరానికి ఇంకా మిగిలిన పనులు: బ్యానర్, టీషర్టుల సైజులు, సర్టిఫికెట్లు, ముఖ్య అతిథికి పిలుపు, డల్లాస్ బతుకమ్మ స్టేజీకి పంపే, పిల్లలు చేసిన మాస్కుల ప్యాకింగ్. ఎవరు ఏది చూస్తారో రాయండి. దీనికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. అక్కడి సంఘం ఇస్తానన్న 60,000 రూపాయలు మన ఖాతాలో వేయించుకోలేం. విదేశీ విరాళం తీసుకోవాలంటే కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మనకు లేదు. వాళ్లు బ్యాంకు వివరాలు రేపు పొద్దుటికల్లా అడిగారు.

హాల్ పని: అన్నా, మొత్తం బడ్జెటే 78,000. అందులో 60,000 పోతే ఏం మిగుల్తది? హాలుకు అడ్వాన్స్ కట్టేసినం. నలభై మంది పిల్లల తల్లిదండ్రులకు మాటిచ్చినం.

స్టోర్ అక్క: రిజిస్ట్రేషన్‌కు ఇప్పుడు అప్లై చేస్తే కాదా?

ట్రెజరర్: కాదమ్మా. సంస్థకు మూడేళ్లు నిండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చూపాలి. మన ఖర్చు ఆ దరిదాపుల్లో లేదు. వచ్చినా, డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఫలానా దాత, ఫలానా పని అని చెప్పి ముందస్తు అనుమతి అడగొచ్చు కానీ అది దసరాకు రాదు.

హాల్ పని: మరి డల్లాస్‌ల ఉన్న తమ్ముని ఖాతాలో వేయించి, ఆయన మనకు పంపితే?

డల్లాస్: అన్నా, అది చేయలేను. నాది ఇండియన్ పాస్‌పోర్టే. నా సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కింద లెక్క కాదు. కానీ సంఘం అమెరికాలో రిజిస్టరైంది, సభ్యుల్లో సగం మంది అక్కడి పౌరులు. వాళ్ల డబ్బు నా చేతి మీదుగా వచ్చినా అది వాళ్ల డబ్బే. నావి 12,000 వేస్తాను. రసీదు నా పేరు మీద ఇవ్వండి, పాస్‌పోర్టు కాపీ పంపుతా, ఫైల్లో పెట్టుకోండి.

హాల్ పని: 12తో ఏమైతది? చెర్యాల చిత్రకారుల దగ్గర సంఘం గుడ్డ మీద గీసిన పటం కొంటది కదా. బిల్లు పెద్దగా రాయించి, మిగిలింది శిబిరానికి తిప్పుదాం.

మాస్కుల క్లాస్: ఆ మాట మళ్లీ అనకండి. ఆ కుటుంబాలు నకాషీ పని, అంటే ఈ పటాలు, మాస్కులు చేసే పని మీదే బతుకుతున్నయి. దొంగ బిల్లు మీద సంతకం వాళ్లది, రేపు నోటీసు వచ్చేదీ వాళ్లకే. పిల్లలకు కళ నేర్పుతం అని పెట్టుకున్న క్లబ్బు, ఆ కళాకారుని పేరు పాడు చేస్తదా?

హాల్ పని: నేనేం నా జేబులో వేసుకుంటలేను! హాలు కోసం ఎండల తిరిగింది నేను, మాట పడేది నేను.

స్టోర్ అక్క: ఇద్దరూ ఆగున్రి. పటం కొనుడు మంచి మాటనే. నిజమైన ధరకు నిజంగ కొననీయున్రి.

ట్రెజరర్: అవును, అది విరాళం కాదు, సరుకు వెల. డబ్బు కళాకారుడికే పోతుంది, అందులో మన చేయి ఉండదు.

డల్లాస్: ఇక్కడి నుంచి ఒక కుటుంబం సెలవులకు హైదరాబాద్ వస్తోంది. వాళ్లే చెర్యాల వెళ్లి, గీసి ఉన్న పటాల్లో ఒకటి తీసుకుంటారు. ఖాదీ గుడ్డ కాబట్టి చుట్టి గొట్టంలో పెట్టొచ్చు. మాస్కులైతే కొరియర్‌కు చాలా అవుతుంది. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగించి బరువు కడతారు. రెండు కిలోల మాస్కుల పెట్టె పది కిలోల కింద పడుతుంది.

ట్రెజరర్: అయితే మాస్కులు పిల్లల దగ్గరే ఉండనిద్దాం. చేతిలో 18,000, తమ్ముడివి 12,000, మొత్తం 30,000. మాస్కులు నేర్పే గురువుగారికి రోజుకు 5,000, ఐదు రోజులు కుదరదు.

మాస్కుల క్లాస్: రెండు రోజులు పిలుద్దాం. మొదటి రోజు కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముఖం కట్టుడు, నాలుగో రోజు రంగు. నడుమ రెండు రోజులు ఆరబెట్టుడే, అది మన పెద్ద పిల్లలు చూసుకుంటరు. ఖాదీ మీద పటం గీసుడు ఈసారి వద్దు. బియ్యం గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి మూడు పూతలు పట్టాలె, ఒక్కో పూత ఆరాలె, ఖర్చూ టైమూ రెండూ మిగలవు.

హాల్ పని: సరే. 10,000 గురువుగారికి, 9,000 హాలు, 4,000 స్నాక్స్. సామానుకు 5,000 సరిపోతదా?

స్టోర్ అక్క: అంత కూడ కాదు. కొబ్బరి చిప్పలు గుడి దగ్గర అడిగి తెస్త, పీచు గీకి తేవాలె. చింతగింజల పిండి బేగంబజార్‌ల దొరుకుతది. రంపపు పొట్టు సా మిల్లు నుంచి రెండు గోనె సంచులు.

మాస్కుల క్లాస్: ప్లైవుడ్ కోసిన పొట్టు మాత్రం తేకండి, దాంట్ల కెమికల్ జిగురు ఉంటది, పిల్లలు చేతుల్తో పిసుకుతరు. ఉత్త కట్టెదే కావాలె. జల్లించాలె, పెద్ద పేళ్లు ఉంటే ముక్కు దగ్గర పగులుతది. కిలో పిండిని ముందు ఐదారు లీటర్ల చన్నీళ్లల్ల కలపాలె, వేడి నీళ్లల్ల పోస్తే ఉండలు కడతది. సన్న మంట మీద అరగంట, అడుగంటకుండ కలుపుతనే ఉండాలె. ఏ రోజుది ఆ రోజే, తెల్లారితే పులుస్తది. చిత్రకారులు పురుగు పట్టకుండ మైలుతుత్తం వేస్తరు, అది విషం, మన దగ్గర వేయొద్దు.

హాల్ పని: ఎండల పెడితే ఒక్క రోజుల ఆరదా?

మాస్కుల క్లాస్: పైన ఎండి లోపల పచ్చిగ ఉంటది, చెంపల మీద చీలుతది. నీడకే రెండు రోజులు, ఆ తర్వాతనే ఎండ. పొట్టు ముద్దను చపాతీ పిండి లెక్క గట్టిగ కలిపి, వేలు మందం కంటె ఎక్కువ పెట్టనియ్యకండి. వాన పట్టే కాలం, హాల్ల ఫ్యాన్లు పని చేస్తయా?

హాల్ పని: మూడు పని చేస్తయి, ఒకటి ఆగింది. రేపు ఎలక్ట్రీషియన్‌ను తీస్కపోయి చేయిస్త. గోనె సంచులు కూడ నా బండి మీదనే తెస్త అక్కా, పొద్దున ఏడింటికి మిల్లు తెరుస్తరు.

ట్రెజరర్: డల్లాస్‌కు ఉత్తరం ఇప్పుడే రాస్తున్నా: విరాళం వద్దు, పటం కొనండి అని. స్థానికంగా ఎవరైనా ఇస్తే క్లబ్బు ఖాతాకే యూపీఐ చేయమనండి. నగదు 2,000 దాటితే వాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు.

స్టోర్ అక్క: సన్న జల్లెడ ఎవరింట్ల ఉన్నది? పిండి జల్లెడ కాదు, ఇసుక జల్లెడ కాదు, రవ్వది.