వెనక చెక్క మెత్తబడిన పాత చేపల బోటు కొనొచ్చా?

అందరికీ నమస్కారం. 18 అడుగుల పాత ఫైబర్ బోటు ఒకటి చవగ్గా వస్తోంది. దాంతో పాటు 40 హార్స్ పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్ కూడా ఇస్తానంటున్నారు. చూడ్డానికి వెళ్లినప్పుడు చిన్న సుత్తి పట్టుకెళ్లాను. బోటు పక్కల మీద కొడితే టంగుమంటోంది కానీ, ఇంజన్ బిగించే వెనక భాగంలో మాత్రం తడిసిన అట్ట మీద కొట్టినట్టు దబ్‌మంది. ఇంజన్ కాలు (నీళ్లలోకి దిగే కింది భాగం) పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆ వెనక గోడ కూడా కొద్దిగా కదిలింది. లోపలి చెక్క కుళ్లిందనే నా అనుమానం. అమ్మేవాయన మాత్రం "పైన ఒక పొర ఫైబర్ వేస్తే చాలు" అంటున్నారు. నాకైతే నమ్మకం లేదు.

ఇంజన్ కంప్రెషన్ (సిలిండర్ లోపల పుట్టే ఒత్తిడి) చూస్తే ఒక సిలిండర్‌లో 120, రెండోదాంట్లో 95 పీఎస్ఐ వచ్చింది. గేర్ ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంది, అంటే సీల్ పోయి నీళ్లు చేరినట్టే కదా? సీల్ సంగతి సరే, మార్చుకోవచ్చు. నా టెన్షన్ అంతా ఆ కంప్రెషన్ తేడా గురించే.

ఫైబర్ పని కొంత వచ్చు, కానీ వెనక చెక్క మొత్తం తీసి కొత్తది ఎప్పుడూ వేయలేదు. చేసినవాళ్లు ఉంటే చెప్పండి: లోపలి నుంచి విప్పడం మంచిదా, బయట నుంచా? బోటు నేల కింద తేలడానికి నింపిన ఫోమ్ నీళ్లు పీల్చిందో లేదో నేల కోయకుండా తెలుసుకునే దారి ఉందా? ఇంజన్‌ను లెక్కలోంచి తీసేసి, ఒట్టి బోటు ధరకే బేరమాడమంటారా?