వెనక బ్రేక్ లైనర్లు మార్చిన నెలకే బ్రేక్ పెడల్ కిందికి దిగిపోతోంది

ప్రశ్న:
పాత పికప్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. నెల కిందట వెనక లైనర్లు (డ్రమ్ముకి రాసుకునే పట్టీలు), రెండు వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర వాటిని డ్రమ్ము మీదికి నెట్టేవి) కొత్తవి వేసి, బ్రేక్ పైపుల్లోని ఎయిర్ తీశాం. మొదట్లో పెడల్ బాగానే ఉంది. ఇప్పుడు మొదటిసారి తొక్కితే ముప్పాతిక వంతు కిందికి పోతోంది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా తగులుతోంది. డబ్బాలో ఆయిల్ తగ్గలేదు, చక్రాల దగ్గర తడి లేదు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) మార్చమంటున్నారు. మార్చే ముందు అదేనని తేల్చుకోవడం ఎలా?

జవాబు 1:
మాస్టర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. రెండో తొక్కుకి పెడల్ ఎలా ఉందో చూస్తే సగం తేలిపోతుంది. పైనే గట్టిగా ఆగితే ఎక్కడో గ్యాప్ ఎక్కువైంది. స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో ఎయిర్. అదిమిపట్టి ఉంచినా మెల్లగా దిగిపోతుంటే, బయట లీకు లేకపోతే, అప్పుడు మాస్టర్ లోపలి రబ్బరు కప్పులు. మీది మొదటి రకం. మొదటి తొక్కులో పోయే ఆయిలంతా షూలని (లైనర్లు అంటించి ఉండే ఇనుప వంపులని) డ్రమ్ము దాకా జరపడానికే సరిపోతోంది. స్ప్రింగులు వాటిని వెనక్కి లాగేలోపే రెండోసారి తొక్కుతున్నారు కాబట్టి అందుతోంది.

తేల్చుకోవాలంటే రబ్బరు హోసులు నొక్కి చూడండి. ముందు రెండు, వెనక యాక్సిల్ మీదికి దిగేది ఒకటి. నున్నటి దవడల హోస్ క్లాంపే వాడాలి. మామూలు ప్లయర్‌తో నొక్కితే లోపలి పొర చిట్లుతుంది. హోసు మీద పగుళ్లుంటే క్లాంపు పెట్టకుండా హోసే మార్చేయండి. ఇంజన్ ఆపి, నాలుగైదు సార్లు తొక్కి బూస్టర్‌లో (తొక్కే బలాన్ని పెంచే డబ్బాలో) వాక్యూమ్ ఖాళీ చేసి, తర్వాత గట్టిగా అదిమి పట్టుకోండి. మూడూ నొక్కి ఉన్నా పెడల్ దిగుతుంటే మాస్టరే. పైనే నిలబడితే మాస్టర్ బాగున్నట్టే. ఆపైన ఒక్కో క్లాంపు తీస్తూ ఏది తీస్తే పెడల్ పడిపోతుందో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చూశాం. మూడూ నొక్కితే పెడల్ రాయిలా ఉంది, నిమిషం పట్టుకున్నా కదల్లేదు. ముందువి వదిలితే పెద్ద తేడా లేదు. వెనకది వదలగానే పడిపోయింది.

జవాబు 2:
అయితే డ్రమ్ములు విప్పి, షూలని డ్రమ్ముకి దగ్గరగా ఉంచే అడ్జస్టర్లు చూడండి. పళ్ల చక్రం ఉన్న స్క్రూలో ఒక వైపుది కుడి మర, రెండో వైపుది ఎడమ మర. లైనర్లు వేసేటప్పుడు రెండు వైపులా ఒకేసారి విప్పి కుప్పగా పోస్తే ఇవి తారుమారవుతాయి. అప్పుడు పళ్ల చక్రాన్ని తిప్పే లివర్ లాగిన ప్రతిసారీ స్క్రూ పెరగాల్సింది పోయి కురచవుతుంది, షూలు డ్రమ్ముకి దూరం జరుగుతాయి. మొదట బాగుండి రోజురోజుకీ దిగజారడానికి సరిగ్గా సరిపోయే కారణం ఇదే. చాలా వాటి మీద ఎల్ లేదా ఆర్ అని అచ్చు ఉంటుంది. లేకపోతే లివర్‌ని చేత్తో ఆడించండి, స్క్రూ పొడవు పెరగాలి. డ్రమ్ము బయట ఉండగా పెడల్ మాత్రం తొక్కొద్దు, వీల్ సిలిండర్ పిస్టన్లు ఊడొస్తాయి.

షూలు కూడా ఒకసారి చూడండి. రెండు షూలూ పళ్ల స్క్రూతో కలిసుండే రకమైతే, లైనర్ పొట్టిగా ఉన్నది బండి ముందు వైపుకి, పొడుగుది వెనక వైపుకి రావాలి.

ప్రశ్న అడిగినవారు:
అదే. ఎడమ వైపు ఆర్ ఉంది, రెండు స్క్రూలూ మొదలంటా బిగుసుకుని ఉన్నాయి. మార్చి వేస్తే చాలా? ఎయిర్ కూడా మళ్లీ తీయాలా?

జవాబు 2:
ముందు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పూర్తిగా వదులు చేయండి. కేబుల్ లాగి ఉంటే షూ తన స్టాపు మీద కూర్చోదు, మీరు చేసే అడ్జస్ట్‌మెంటంతా దొంగ లెక్క అవుతుంది. స్క్రూ మరలకి పలచగా హై టెంపరేచర్ గ్రీజు రాయండి, లైనర్‌కి అంటకుండా. డ్రమ్ము ఎక్కించి, చక్రం చేత్తో తిరగనంత దాకా బిగించి, సన్నగా రాసుకునే చప్పుడు మిగిలేంత వెనక్కి వదలండి. మధ్యలో ఒకసారి పెడల్ తొక్కితే షూలు నడిమికి సర్దుకుంటాయి. కేబుల్ బిగింపు అన్నిటికంటే ఆఖరున. లైన్ విప్పలేదు కాబట్టి, పెడల్ గట్టిగా వస్తే ఎయిర్ తీయక్కర్లేదు.

జవాబు 3:
ఎప్పుడైనా ఎయిర్ తీయాల్సి వస్తే రెండు మాటలు. వెనక యాక్సిల్ దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వు (బండి మీది బరువుని బట్టి వెనక బ్రేక్ ప్రెషర్ మార్చేది) ఉంటే ఛాసిస్‌కి జాకీ పెట్టి యాక్సిల్‌ని వేలాడదీయకండి. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక లైన్‌కి ప్రెషర్ తగ్గిస్తుంది, ఎయిర్ సరిగా రాదు. స్టాండ్లు యాక్సిల్ కిందే పెట్టండి. రెండోది, పాత మాస్టర్ ఉన్న బండిలో పెడల్‌ని నేల దాకా తొక్కొద్దు. కప్పులు రోజూ తిరగని చివరి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. అక్కడికి వెళ్లిన కప్పు అంచు చిరుగుతుంది. బాగున్న మాస్టర్ ఎయిర్ తీసిన రోజే పోవడానికి ఇదే కారణం. పెడల్ కింద చెక్క ముక్క అడ్డం పెట్టుకుంటే సరిపోతుంది.