“ఏమీ లేదు పాపా” అనే రోగి ఇబ్బందిని ఎలా కనిపెట్టాలి?

అడిగినవారు: కొత్త స్టాఫ్ నర్సు, తిరుపతి

అందరికీ నమస్కారం. జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి ఇక్కడ ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో చేరి ఎనిమిది నెలలైంది. రాత్రి డ్యూటీలో 30 మంది రోగులకు మేము ఇద్దరం ఉంటాము. సూదులు వేసి, సెలైన్లు మార్చి, బి.పి., షుగరు చూసి కేస్‌షీట్లలో రాసేసరికి తెల్లవారుతుంది. గత వారం పుత్తూరు వైపు నుంచి పక్షవాతంతో ఒక అవ్వ వచ్చారు. రౌండుకు వెళ్లిన ప్రతిసారీ “నొప్పిగా ఉందా అవ్వా?” అని అడిగాను. ప్రతిసారీ ఆమె “ఏమీ లేదు పాపా, నువ్వు పోయి నీ పని చూసుకో, నీకు శానా పనుంటాది” అన్నారు. ఉదయం దుప్పటి మార్చబోతే పక్క తడిసి ఉంది, నడుము కింద అరచేతి వెడల్పున ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె కోడలు నన్ను ఒక్క మాట కూడా అనకుండా తల పక్కకు తిప్పుకున్నారు. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. అడిగినా చెప్పని వారి కష్టాన్ని, ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు నిమిషాలకు మించి నిలబడలేని నేను, ఎలా తెలుసుకోవాలి?

జవాబు 1: హెడ్ నర్సు, 26 ఏళ్ల సర్వీసు

అమ్మాయీ, తప్పు నీ ఒక్కదానిది కాదు, కానీ నీ ప్రశ్నలో కొంత ఉంది. మంచం పక్కన నడుస్తూ “నొప్పిగా ఉందా?” అని అడిగితే, ఎదుటివారికి పని పెట్టడమే తప్పనుకునే మన పల్లెటూరి పెద్దవాళ్లు “లేదు” అనే అంటారు. నోటితో అడగడానికి ముందు చేతితో చూడు. పక్షవాతం రోగిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పవలసిందే కదా, ఆ తిప్పేటప్పుడే పక్క తడిగా ఉందో లేదో, వీపు, తుంటి, మడమలు ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఒత్తిడి తీసేస్తే సర్దుకుంటుంది. నొక్కినా ఎరుపు పోకపోతే పడక పుండు మొదలైనట్లే, డాక్టరుకు చెప్పి కేస్‌షీటులో రాయాలి. ఆ చోట నూనె రాసి రుద్దమని బంధువులు బతిమాలుతారు, రుద్దనివ్వకు. లోపల దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. మడమ పరుపుకు తగలకుండా పిక్క కింద మడిచిన దుప్పటి పెట్టు.

నొప్పి ఎంతో తెలుసుకోవడానికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పమని మనకు నేర్పారు. చదువుకున్నవారు చెబుతారు. మా వార్డులో ఒక తాతను అలా అడిగితే “పది ఏందమ్మా?” అని నన్నే ఎదురు అడిగాడు. జ్వరం తగ్గినా “రూపాయికి పావలా తగ్గింది” అనే అలవాటున్న మనిషి కదా అని, “నొప్పి నిండుగా ఉంటే రూపాయి అనుకో తాతా, ఇప్పుడు ఎన్ని అణాలుంది?” అని అడిగాను. తడుముకోకుండా “ముప్పావలా” అన్నాడు. రూపాయికి 16 అణాలు కాబట్టి అంటే పన్నెండు అణాలు, మన లెక్కలో పదికి ఏడున్నర. అంతవరకు ఆయన కేస్‌షీటులో “నొప్పి లేదు” అనే రాసి ఉంది.

జవాబు 2: స్టాఫ్ నర్సు, చిత్తూరు

పైన అక్క చెప్పినది నిజం. నేను మరొకటి చూస్తాను: మంచం పక్కనున్న నీళ్ల సీసా. సాయంత్రం నింపినది తెల్లవారుజామున అలాగే ఉందంటే ఆమెకు దాహం లేదని కాదు, రాత్రిపూట మరుగుదొడ్డికి తీసుకుపోయే తోడు లేక, అందరి మధ్య బెడ్‌పాన్ అడగలేక నీళ్లు మానేసిందని అర్థం. ముఖ్యంగా ఆడవారు. అలాంటివారు అడిగేదాకా ఆగకుండా, పడుకోబోయే ముందు తెర లాగి (తెర లేకపోతే తోడున్నవారి చీరైనా అడ్డం పట్టించి) బెడ్‌పాన్ మనమే పెట్టాలి. అప్పుడు నీళ్లు వాళ్లే తాగుతారు.

మాకు కుప్పం, పలమనేరు వైపు నుంచి కన్నడం మాట్లాడేవారు, గుడియాత్తం వైపు నుంచి తమిళం మాట్లాడేవారు వస్తుంటారు. “వలిక్కుదా పాట్టి?”, “నోవు ఇదెయా అజ్జి?” అన్న రెండు మాటలు నేర్చుకుంటే చాలు, ముఖం విప్పుతారు. క్యాన్యులా (సెలైను ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టేముందు “ఏ చేత్తో తింటారు?” అని అడిగి రెండో చేతికి పెట్టండి, పక్షవాతం రోగికైతే మాత్రం పడిపోయిన చేతికి పెట్టకుండా డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. కుడిచేతికి సూది ఉన్న పెద్దాయన సంగటి ముద్ద ఎడమచేత్తో తినలేక, తినిపించమని అడగలేక, గిన్నె పక్కకు జరపడం నేను చూశాను.

జవాబు 3: రోగి కుమారుడు, శ్రీకాళహస్తి

నేను నర్సును కాను, నెల రోజులు మా నాన్న మంచం పక్కన కూర్చున్నవాడిని. ఒక విషయంలో పై ఇద్దరితో నాకు భేదాభిప్రాయం ఉంది. అవ్వా, తాతా అనే పిలుపు అందరికీ నచ్చదు. మా నాన్న ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పారు, “తాతా, నోరు తెరువు” అంటే మొండికేసేవారు, “మాస్టారూ, ఈ మాత్ర వేసుకుంటారా?” అన్న సిస్టరు చేతి మాత్ర మాత్రం వేసుకునేవారు. ఎలా పిలవాలో చేరిన రోజే ఇంటివాళ్లను అడగండి. ఇంకొకటి, “వస్తాను ఉండండి” అనే మాట ఆయనను భయపెట్టేది. “నాలుగో మంచానికి సెలైను మార్చి వస్తాను, పావుగంట పడుతుంది” అంటే గోడ గడియారం చూస్తూ ఓపికగా ఉండేవారు.

అడిగినవారు, రెండు రోజుల తర్వాత:

అందరికీ కృతజ్ఞతలు. అవ్వను రెండు గంటలకు ఒకసారి తిప్పుతున్నాము. ఎరుపు అంచుల్లో తగ్గింది, మధ్యలో ఇంకా నొక్కితే పోవడం లేదు. డాక్టరు చూసి గాలి పరుపు రాశారు. డ్యూటీ మారేటప్పుడు ఆమెను ఏ పక్కకు తిప్పామో, ఎన్ని గంటలకు తిప్పామో కూడా ఇప్పుడు చెప్పుకుంటున్నాము. నొప్పి అణాల్లో అడిగితే అవ్వ నవ్వి, “నడుము అర్ధరూపాయి పాపా, భుజం రూపాయి” అన్నారు. భుజం సంగతి ఇన్నాళ్లూ మాలో ఎవరమూ అడగలేదు. పడిపోయిన చేతిని తిప్పేటప్పుడు మేము పట్టి లాగుతున్నామేమోనని అనుమానంగా ఉంది. అలా కాకుండా ఆ భుజాన్ని ఎలా ఆనించి పట్టుకోవాలో ఎవరైనా వివరంగా రాయగలరా?