బీఎంఐ 26 వస్తే నేను రోగినా? ప్రీమియం పెంచారు

మిల్లు_మల్లన్న (మిర్యాలగూడ)
నాకు 41 ఏళ్లు. రైస్ మిల్లులో హమాలీగా మొదలై ఇప్పుడు మేస్త్రీగా ఉన్నా. అవసరమైతే ఇప్పటికీ బస్తా భుజానికెత్తుతా. ఆరోగ్య బీమా కోసం పోతే ఎత్తు 170, బరువు 75 అని రాసుకుని, బీఎంఐ 26, స్థూలకాయం అన్నారు. ప్రీమియం పెంచారు. షుగర్ లేదు, బీపీ లేదు, రిపోర్టులు ముందు పెట్టినా చూడలేదు. మా బామ్మర్ది బక్కగా ఉంటాడు, రోజూ తాగుతాడు, వాడికి మామూలు ప్రీమియమే. ఇదేం లెక్క?

పాలమూరు_సిస్టర్
బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి స్థూలకాయం. మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది కాబట్టి ఇక్కడి డాక్టర్లు 23, 25 పెట్టుకున్నారు. కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది బీఎంఐ చెప్పదు, నిజమే. అందుకే నడుము కూడా కొలవమంటాం. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటొద్దు. మీది ఎంతన్నా?

మిల్లు_మల్లన్న
నడుము సంగతి తర్వాత. వాళ్లు బూట్లతోనే కొలిచారు. మిల్లు బూట్లు, జత కిలో ఉంటాయి. అసలు కొలతే తప్పు.

నకిరేకల్_నర్సింహ
బూట్లు తీస్తే 168, 74 అనుకుందాం. 26.2 వస్తుంది. బూట్లే నిన్ను కాపాడినయ్ అన్నా 😂

మిల్లు_మల్లన్న
168 అని నీకెవరు చెప్పారు? నా బూటు మడమ నువ్వు కొలిచినవా?

మర్రిగూడ_బిడ్డ
బూట్ల గొడవ ఆపండి. మా నాయనది వినండి. వయసులో ఉన్నప్పుడు 165 సెంటీమీటర్లు, 58 కిలోలు. అంటే 21.3. తర్వాత ఫ్లోరైడ్ నీళ్లకు వెన్ను వంగిపోయింది. ఇప్పుడూ 58 కిలోలే, నిలబెట్టి కొలిస్తే 150 వస్తుంది. బీఎంఐ 25.8! మొన్న క్యాంపులో ఒక పిల్లగాడు కార్డు మీద స్థూలకాయం అని రాసి, "తాతా, నడువు, అన్నం తగ్గించు" అన్నాడు. నడవమన్నాడు, మా నాయనను!

పాలమూరు_సిస్టర్
అయ్యో. వెన్ను వంగినవాళ్లకు ఆ సూత్రం పనికిరాదు తమ్ముడూ. ఎత్తు సరిగ్గా రానప్పుడు చేతులు బారచాపి కొలుస్తారు.

మర్రిగూడ_బిడ్డ
మోచేతులు చాపడానికి వస్తేగా అక్కా.

లెక్కల_మాస్టారు (సూర్యాపేట)
దీని పుట్టుక తెలిస్తే ఇంత బాధ ఉండదు. 1830ల్లో బెల్జియం దేశపు క్వెట్లే ఈ లెక్క వేశాడు. ఆయన డాక్టరు కాదు, లెక్కలు, నక్షత్రాలు చదివినవాడు. 'సగటు మనిషి' ఎలా ఉంటాడో వెతికాడు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్. వేలమందిని కలిపి చూడ్డానికి పుట్టిన అంకెను ఒక్క మల్లన్న మెడకు కట్టారు. ఇంకొకటి. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో 2004లో డాక్టర్ల పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1.

మిల్లు_మల్లన్న
అదే నేను చెప్పేది! పనికిరాని లెక్క.

పాలమూరు_సిస్టర్
మీరు చెప్పేది అది కాదు. ఆ ఫొటో, మామూలు బీఎంఐ ఉన్న మనవాళ్లలో కూడా కొవ్వు దాగి ఉంటుందని చెబుతుంది. 26 ఉన్నవాళ్లను పరీక్షలు మానుకోమని చెప్పదు.

మిల్లు_మల్లన్న
కుర్చీలో కూర్చుని అంకె రాసుకునేవాళ్లకు బస్తా మోసేవాడి ఒళ్లు ఏం తెలుస్తది మేడం.

పాలమూరు_సిస్టర్
నాకు తెలియదా? మా తమ్ముడు పదేళ్లు ముంబైలో మట్టి మోశాడు. బీఎంఐ 21. సన్నగా ఉన్నాడు, వీడికేం షుగర్ అని ఏ ఒక్కరూ రక్తం తీయలేదు. కాలికి పుండు మానక ఇంటికొచ్చాక బయటపడింది. రెండు వేళ్లు తీసేశారు. ఇప్పుడు చెప్పండి, కుర్చీ గురించి.

నకిరేకల్_నర్సింహ
అక్కా, తప్పుగా అనుకోకు. అది కూడా బీఎంఐ తప్పినట్టే కదా?

పాలమూరు_సిస్టర్
అవును, తప్పింది. అందుకే నేను లావు, సన్నం చూడను. 30 దాటిన ప్రతి ఒక్కరికీ షుగర్, బీపీ చూస్తా. ఆ రూలు ఉన్నదే అందుకు. కానీ ఒంట్లో ఏ బాధా లేనివాడు సూది దగ్గరికి రాడు. "నీది 26" అంటే భయపడి వస్తాడు. నా దగ్గరున్నవి ఒక తూకం మిషన్, ఒక టేపు. కొవ్వు కొలిచే మిషన్లు మాకెవరిస్తారు?

మిల్లు_మల్లన్న
మీ తమ్ముడి సంగతి తెలియక అన్నా, ఏమనుకోకండి.
నా కోపం ప్రీమియం ఒక్కటే కాదు. మా ఇంటామెకు రెండేళ్లు ఒళ్లు నొప్పులు, మోకాళ్లు వాపు. పోయిన ప్రతిసారీ డాక్టరు తూకం చూసి "బరువు తగ్గమ్మా" అని పంపేవాడు. చెయ్యి పట్టి చూసింది లేదు. ఆమె రాత్రి అన్నం మానేసింది, అయినా బరువు పెరిగింది. దొంగచాటుగా తింటున్నావని నేను కూడా తిట్టిన. వేరే ఊర్లో పరీక్ష చేస్తే థైరాయిడ్.

మర్రిగూడ_బిడ్డ
మా నాయనకూ గంతే అన్నా. కార్డు నింపినోడు తల ఎత్తి మనిషిని చూడలేదు.

పాలమూరు_సిస్టర్
దానికి నా దగ్గర జవాబు లేదు. రద్దీ ఉన్న రోజు నేనూ అలా రాసి పంపిన దినాలున్నాయి. వదినకు ఇప్పుడెలా ఉంది?

మిల్లు_మల్లన్న
గోళీలు వాడుతోంది, నయమే.

లెక్కల_మాస్టారు (సూర్యాపేట)
మల్లన్నా, నడుము కొలత ఇంకా చెప్పలేదు.

మిల్లు_మల్లన్న
ప్యాంటు 34 సార్.

పాలమూరు_సిస్టర్
ప్యాంటు పొట్ట కింద కడతారు, అది లెక్క కాదు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలి చూడండి. 35న్నర అంగుళాలకు 90 సెంటీమీటర్లు.

మిల్లు_మల్లన్న
మా ఆమె కొలిచింది. 38. ఊపిరి బిగపడితే 36 వస్తుంది, నేను చూసుకున్నా.
బీమా వాళ్లకు మాత్రం లెటర్ రాస్తా. బూట్ల సంగతి కూడా రాస్తా.